మబ్బు కౌలు

ఆకివీడులో మేతల కొట్టు మీద మేడగది.
కింద బస్తాల వాసన, పైన నేనూ, ఒక టేబుల్ ఫ్యానూ.
మీ మిషన్లెక్కడండీ, ఓసారి చూస్తానంటూ
మెట్లెక్కి వచ్చాడు కొల్లాటి ఏసుపాదం.
చూపించడానికేముంది?
తడిచేతుల మరకలు పడ్డ లాప్‌టాప్ ఒకటి,
నెలాఖరున ఒక బిల్లు.

"కంటికి కనపడని మిషన్లకి అద్దె కడతన్నారేటండీ?"
నీ చెరువు నీదా, అన్నాను.
"ఆయ్, కాదండి, కౌలు" అని నవ్వేశాడు.

ఏడొందల చెరువులు మా లెక్కలో.
చెరువుకో కడ్డీ, కడ్డీ కొసన
నీళ్ళలో ఊపిరెంతుందో కొలిచే చిన్న కన్ను.
ఎండకాసే రోజుల్లో పావుగంటకోసారి
ఐదు, ఐదున్నర, ఆరు అని గొణుక్కుంటాయి.
వినడానికి ఒక్క యంత్రం చాలు.
గంటకి నాలుగున్నర.
టీ కూడా రాదు ఆ డబ్బుకి.

అద్దె సైకిలు తొక్కి పెరిగినవాళ్ళకి
ఇదేమీ వింత కాదు.
వంతెన దిగువన మీరాసాయిబు కొట్టు:
నంబర్లేసిన పదకొండు సైకిళ్ళు,
గోడ గడియారం, అట్ట ఊడిన నోటుబుక్కు.
సైకిలు మనది కాదు, గంట మనది.
జాతర రోజున పదకొండూ చాలేవి కావు.
సాయిబు ఎక్కణ్ణించో ఇంకో పది తెచ్చి నిలబెట్టేవాడు,
మర్నాటికి అవి మాయం.
ఎక్కడివని మేమెవరమూ అడగలేదు.

మొన్న వాయుగుండానికి మూడురోజుల ముసురు.
ఎండ మొహం చూడక నీళ్ళలోని పచ్చదనం పని మానేసింది.
తెల్లారగట్ల రెండున్నరకి
కడ్డీలన్నీ ఒక్కసారే నోరు తెరిచాయి.
మూడుంబావు. మూడు. రెండూ ముప్పావు.
ఏడొందల చెరువుల కౌలుదార్లు,
వాళ్ళ బావమరుదులు, మేత ఏజెంట్లు, కాపలా కుర్రాళ్ళు,
అందరూ చీకట్లో ఫోన్లు వెలిగించి
నా చెరువెంత, నా చెరువెంత.

మా ఒంటి యంత్రం రొప్పింది.
దానికి ముందే ఒక మాట రాసిచ్చాను:
డెబ్బై శాతం బరువు దాటితే తోడు పిలుచుకో అని.
పిలుచుకుంది.
నిమిషంన్నరలో రెండోది లేచింది.
ఆ వెనక మూడోది. ఆరు. పద్నాలుగు.
ముంబై పొలిమేరల్లో ఏదో చల్లటి గదిలో
అప్పటిదాకా ఎవరి చీరల దుకాణాన్నో మోసిన ఇనుము
మా దొంగపిండి చెరువుల కోసం కళ్ళు తెరిచింది.
నెత్తిమీద ఒక మబ్బు పట్టినందుకు
ఇంకో మబ్బులో ముక్కలు కౌలుకి తీసుకున్నాం.
ఈ మాట ఫోన్లో ఏసుపాదానికి చెప్పాను.
నవ్వలేదు. జనరేటర్‌లో డీజిలు పోస్తున్నాడు.

అతని రొయ్య నిలిచింది.
కాళ్ళకూరులో ఒకాయనది తేలిపోయింది.
హెచ్చరిక వెళ్ళింది, ఆయన ఫోన్లో చార్జింగు లేదు.
దానికి ఏ మబ్బులోనూ
అద్దెకేమీ దొరకదు.

నా సంగతీ చెప్పాలి.
పనైపోయాక తోడువాళ్ళని పంపించెయ్యమనే మాటని
ఆ రాత్రి భయంతో నేనే కొట్టేశాను.
మళ్ళీ రాయడం మరిచాను.
తొమ్మిది రోజులు, పదమూడు యంత్రాలు,
ఎండ కాస్తుంటే, ఊరికే.
పన్నెండు వేల ఆరొందల ముప్పయ్యారు రూపాయలు.

పది నిమిషాలు ఆలస్యంగా వస్తే
మీరాసాయిబు గడియారం చూసి, మా మొహాలు చూసి,
ఆ పదీ రాసేవాడు కాదు.
ఈ నోటుబుక్కు తలెత్తి ఎవరి మొహమూ చూడదు.

ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాను.
చివరిదాని చిట్టా ఎందుకో తెరిచాను.
ప్రతి పది సెకన్లకీ అదే ప్రశ్న: ఉన్నావా?
ప్రతిసారీ అదే జవాబు: ఉన్నాను.
తొమ్మిది రోజుల పొడుగునా
ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను.

నొక్కేశాను.

ఇప్పుడొక్కటే నడుస్తోంది.
కింద బస్తాలు దించుతున్నారు.
ఏసుపాదం చెరువు ఐదున్నర అంటోంది.
పంపించెయ్యమనే మాట మళ్ళీ రాశాను,
బరువు తగ్గిన వెంటనే కాదు,
సాయిబుని తలుచుకుని
పది నిమిషాలాగి.